రెండు గైడ్లు

నేను ఫోనులో మాట్లాడే మాటలకు మా అత్తయ్య మొదట్లో ఉలిక్కిపడేది. “దవడ ఇప్పుడే పెట్టాను సార్, పొద్దుటికి అయిపోతుంది” అంటే ఎవరైనా ఉలిక్కిపడాల్సిందే. హైదరాబాద్‌లో క్యాన్సర్ సర్జన్ల కోసం త్రీడీ ప్రింటర్ మీద ఎముకల మోడళ్లు తీసే ఇంజినీర్‌ని. వచ్చేవాటిలో ఎక్కువ కింది దవడలే. చాలావాటి వెనక గుట్కానో ఖైనీనో ఉంటుంది. పై దవడ వస్తే మాత్రం మా మామ్మ గుర్తొస్తుంది. మాది శ్రీకాకుళం. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఆ అలవాటు అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని మెడికల్ పుస్తకాల్లో ఉన్న సంగతి ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది.

ప్రింటర్ చేసేది తక్కువ. అసలు పని కంప్యూటర్ ముందే. సీటీ స్కాన్‌లో మిల్లీమీటరుకో పొర చొప్పున వచ్చిన బొమ్మల మీద ఇది ఎముక, ఇది కాదు అని రంగు వేసుకుంటూ పోవాలి. పంటికి లోహపు తొడుగు ఉంటే దాని చుట్టూ తెల్లటి చారలు కమ్ముకుంటాయి. కణితి తిన్న చోట అంచు మసకబారుతుంది. అక్కడ నేనొక్కదాన్నే తేల్చను, సర్జన్ గారు పక్కన కూర్చుని గీత గీస్తారు.

కోసేసిన దవడ స్థానంలో పెట్టేది కాలి ఎముక. పిక్క పక్కనుండే సన్నటి ఫిబులాను రక్తనాళాలతో సహా తీసి దవడగా అమర్చే పద్ధతిని 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో ప్రచురించారు. చీలమండ వైపూ మోకాలి వైపూ 6 నుంచి 8 సెంటీమీటర్లు వదిలేస్తే మనిషి మళ్లీ నడుస్తాడు. చిక్కల్లా ఒకటే: ఫిబులా కర్రలా తిన్నగా ఉంటుంది, దవడ గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది. సరైన కోణంలో రెండు మూడు ముక్కలు కోసి కలిపితేనే ఆ వంపు వస్తుంది. అందుకే రంపం దూరేంత సందులున్న తొడుగులు రెసిన్‌తో ప్రింట్ చేస్తాం, దవడకొకటి, కాలికొకటి. వాటినే గైడ్లు అంటాం. టైటానియం ప్లేటునూ ముందురోజే మోడల్ మీద వంచుకుంటారు. పదేపదే వంచి సరిచేస్తే లోహం బలం తగ్గుతుంది.

చేరిన కొత్తలో పీఎల్ఏ ప్లాస్టిక్ మోడల్ మీద ‘ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు’ అని రాయడం మరిచాను. అది 60 డిగ్రీలకే మెత్తబడే సరుకు, పరికరాల మీది క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో ఆవిరి 121 డిగ్రీలు. దవడ కాస్తా ఎండకు కారిన బెల్లంలా కుంగింది. థియేటర్ సిస్టర్ ఒక్క మాటా అనకుండా దాన్ని ట్రేలో పెట్టి పంపింది. ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

అది నవ్వుకోగలిగిన తప్పు. ఇంకొకటి అలాంటిది కాదు. ఒకాయనకు స్కాన్ తీశాక ఆపరేషన్‌కు ఐదు వారాలు పట్టింది. షుగరు అదుపులోకి రావాలి, డబ్బు సమకూరాలి, థియేటర్ దొరకాలి. ఆ ఐదు వారాలూ నా కంప్యూటర్లో కణితి ఎక్కడిదక్కడే ఉంది. ఆయన నోట్లో లేదు. తెరిచి చూసేసరికి గైడు చూపే గీత మీదికి పాకింది. గైడు పక్కన పెట్టి పాత పద్ధతిలో అంచనా మీద కోశారు. సాయంత్రం సర్జన్ గారు ఫోన్ చేసి, “నీ తప్పేం లేదమ్మా, కానీ గైడు పనికిరాలేదు” అన్నారు. అందులో మొదటి సగం నేనింకా నమ్మలేదు. స్కాన్ తేదీ అడగాల్సింది నేనే కదా.

అప్పటినుంచి స్కాన్ పాతబడితే రెండు జతలు తీస్తున్నాను: గీత ప్రకారం ఒకటి, సెంటీమీటరు అవతలికి జరిపి ఇంకొకటి. రెసిన్ ఖర్చు చూసి మా మేనేజర్ మొహం చిట్లిస్తాడు.

మొన్న నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకాయనకు సర్జన్ గారు మోడల్ చూపించి ఆపరేషన్ వివరించారు. ఆయన నోరు వేలెడు కూడా తెరుచుకోదు, భార్యే మాట్లాడింది. “ఏం బిడ్డా, ఈ తొర్ర ఆయనదేనా?” అని అందులో వేలు పెట్టి చూసింది. ఆయన మాత్రం మోడల్‌లో బాగున్న వైపు నిమిరి, తర్వాత తన చెంప నిమురుకున్నాడు.

ఆపరేషన్ రోజు రెండు జతలూ సీలు వేసిన కవర్లలో థియేటర్‌కు వెళ్లాయి. సాయంత్రం ఒక కవరు విప్పకుండా తిరిగొచ్చింది. గీత ప్రకారం తీసినది.