ఒక్క తల్లి పిల్లలం, రెండు జిల్లాల లోకల్

పోస్ట్ కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి. ఇంట్లో చిన్నపిల్లల్ని తీసుకొని పట్నం పనికి వచ్చినవాళ్ళు ఉంటే తప్పకుండా చదవండి.

నా కాలేజీ సికింద్రాబాద్‌లో, హాస్టల్ మల్కాజిగిరి దిక్కు. నడిస్తే అరగంట. కానీ కాలేజీ ఉన్నది హైదరాబాద్ జిల్లా, నేను పడుకునేది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఫస్ట్ ఇయర్‌లో ఈ సంగతి తెలియక ఒక ఫారంలో హాస్టల్ అడ్రస్ కింద హైదరాబాద్ అని రాసిన. వాపస్ వచ్చింది. అప్పటి నుంచే నేనుండే ఈ జిల్లా ఏంది, ఎట్ల పుట్టింది అని చూసుడు మొదలుపెట్టిన.

ఇది పాత జిల్లా కాదు. 1978లో హైదరాబాద్ చుట్టూ ఉన్న పల్లెల్ని విడదీసి ఒక జిల్లా చేసిన్రు, అదే తర్వాత రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, దాన్ని మళ్ళీ చీలిస్తే మేడ్చల్-మల్కాజిగిరి వచ్చింది. అదే రోజు మా మహబూబాబాద్ కూడా వరంగల్ నుంచి విడిపోయి జిల్లా అయింది. నేను అప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి, పండుగకి తండాకి వచ్చి ఉన్న. రెండు జిల్లాలు కవలలన్నట్టు. పోలిక మాత్రం లేదు. 2011 లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 1,080 చదరపు కిలోమీటర్లలో 24 లక్షల మంది. మా దగ్గర అంతకి రెండున్నర రెట్లకు పైగా నేల, మనుషులు ఎనిమిది లక్షలు కూడా లేరు. అందులో మూడో వంతు కన్నా ఎక్కువ మనోళ్ళే.

ఇంకా వెనక్కి పోతే ఇదంతా లష్కర్ పక్క ఊర్లు. 1798 ఒప్పందం తర్వాత ఇంగ్లీషోళ్ళ పటాలం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగింది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఆ జాగాకి సికింద్రాబాద్ అని పేరు పెట్టిన్రు. ముసలోళ్ళు ఇప్పటికీ లష్కర్ అనే అంటరు. అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి దాకా దండే. ఆ కాలంలో దక్కన్‌లో ఏ సైన్యం నడిచినా దానికి గింజలు, ఉప్పు మోసింది మన బంజారాల ఎద్దులే. 1791లో టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్ కూడా మనోళ్ళ ధాన్యం మీదనే ఆధారపడ్డడు. తర్వాత రైలొచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి, 1889 నాటికి మా మానుకోట మీదుగా బెజవాడ దాకా. ఎద్దుల బేరం పోయింది. నేను సెలవులకు ఇంటికి పోయేది ఆ పట్టాల మీదనే.

ఇప్పుడు అసలు సంగతి.

2006లో బాపు, యాడి స్లాబ్ పనికి జవహర్‌నగర్ వచ్చిన్రు. పట్నం చెత్తంతా పోసే డంపింగ్ యార్డ్ ఉన్న ఊరు అదే. అన్నకి ఆరేళ్ళు, వెంట తెచ్చుకున్నరు. నాకు ఏడాది, నానమ్మ దగ్గర తండాలో వదిలిన్రు. ఆ రోజుల్లో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లాగ లేస్తున్నయి. కాప్రా, మల్కాజిగిరి, అల్వాల్ మున్సిపాలిటీలు 2007లో జీహెచ్ఎంసీలో కలిసినయి. అన్న అక్కడి సర్కారు బడిలో ఒకటి నుంచి ఏడు చదివిండు. యాడికి ఒంట్లో బాగలేక 2013లో అందరూ తండాకి వచ్చేసిన్రు.

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏండ్లు ఎక్కడ చదివితే అక్కడనే లోకల్. లోకల్ వాళ్ళకి 95 శాతం పోస్టులు. అంటే నేను మహబూబాబాద్, భద్రాద్రి జోన్. మా అన్న మేడ్చల్-మల్కాజిగిరి, చార్మినార్ జోన్. అన్న ఓటు తండాలో, రేషన్ తండాలో, కుల ధృవీకరణ తండాది, మాట్లాడేది గోర్ బోలి. సొంత జిల్లా పోస్టుకి మాత్రం నాన్-లోకల్! ఆ రూల్ ఎందుకు పెట్టిన్రో అర్థమైతది, బయటోళ్ళు వచ్చి పోస్టులు కొట్టకుండా. కానీ కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లగాడు ఏ లెక్కలోకి వస్తడు? అన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలే.

పోయిన నెల స్టడీ సర్టిఫికెట్ల కోసం బాపు, అన్న ఇద్దరూ వచ్చిన్రు. ముగ్గురం బడికి పోయినం. పాత రిజిస్టర్లో అన్న పేరు దొరికింది, పక్కన రంగారెడ్డి జిల్లా అని ఉంది. సార్ మంచోడు, అదే రోజు సంతకం పెట్టి ఇచ్చిండు. మీరు కూడా నోటిఫికేషన్ పడేదాకా ఆగకండి. ఏడు తరగతులవీ ముందే తెచ్చి పెట్టుకోండి, బడులు మూతపడితే ఇంకా తిప్పలు.

వాపస్ వస్తుంటే కాప్రాలో బాపు ఒక ఐదంతస్తుల బిల్డింగ్ ముందర ఆగిండు. మూడో స్లాబ్ పోసిన రోజు వాన పడిందంట, రాత్రంతా కవర్లు కప్పుకుంట కూర్చున్నరంట. అన్నని సిమెంట్ బస్తాల మీద పండబెట్టిన్రంట. మేము పైకి చూస్తుంటే వాచ్‌మెన్ వచ్చి "ఎవరి ఫ్లాట్‌కి?" అన్నడు.

"ఎవరి ఫ్లాట్‌కి కాదు సార్, ఊరికెనే చూస్తున్నం" అన్నడు బాపు. బస్ టైం అయితుందని మమ్మల్ని తొందర పెట్టిండు.