నలుగురూ ఏమనుకుంటే మనకేంటి?

మా గోదావరి జిల్లాల వాళ్ళకి పుట్టుకతోనే వచ్చే భయం ఒకటుంది. "నలుగురూ ఏమనుకుంటారు?" అన్నది. పెళ్ళిలో కూరల లెక్క దగ్గర్నుంచీ పిల్లాడి ఎంసెట్ ర్యాంకు దాకా అన్నీ ఆ నలుగురి కోసమే. మండపేటలో మా ఇంట్లో చుట్టాలొస్తే తప్ప బీరువాలోంచి బయటికి రాని గాజు గ్లాసులున్నాయి. ఇంట్లోవాళ్ళకి స్టీలు గ్లాసులే. సరే, అది ఇంటి సంగతి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఇదే జబ్బు ఒక దేశానికి వస్తే? మిగతా దేశాలు మన గురించి ఏమనుకుంటున్నాయో పట్టించుకోవాలా, అక్కర్లేదా?

ఆఫీసులో టీ దగ్గర ఈ మాట వస్తే చాలు, జనం రెండు జట్లు అయిపోతారు. ఒక జట్టు, "వాళ్ళెవరండీ మనకి చెప్పడానికి? రెండొందల ఏళ్ళు దోచుకుపోయినోళ్ళు!" అంటుంది. రెండో జట్టు, "ఛ, ఈ రోడ్లూ ఈ చెత్తా చూసి విదేశీయులు ఏమనుకుంటారు!" అంటుంది. తమాషా ఏంటంటే, పొద్దున్న మొదటి జట్టులో ఉన్నాయనే సాయంత్రం ఏదో అమెరికా పత్రిక మనల్ని పొగిడిందని పది వాట్సాప్ గ్రూపులకి పంపిస్తాడు. తిడితే "వాళ్ళెవరు?", పొగిడితే "చూశారా!" :)

నాకు తెలిసినంతలో ఈ పట్టించుకోవడంలో రెండు రకాలున్నాయి. రెండూ నేను దగ్గర్నుంచి చూసినవే.

మొదటిది 2017 నవంబరులో. అప్పుడు నేను హైదరాబాదులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హెచ్ఐసీసీలో 28 నుంచి 30 దాకా ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ వస్తోంది. ఎన్నాళ్ళుగానో ఉన్న గుంతలు రాత్రికి రాత్రి పూడిపోయాయి, గోడలకి బొమ్మలొచ్చాయి. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. నగరంలో రెండు నెలల పాటు, అంటే 2018 జనవరి 7 వరకూ, భిక్షాటన చెయ్యకూడదని పోలీసు కమిషనర్ ఉత్తర్వులిచ్చారు. బిచ్చగాళ్ళని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకి తరలించారు. మేం రోజూ బస్సులో వెళ్ళే దారిలో ఒక సిగ్నల్ దగ్గర డివైడర్ మీద ఒక ముసలావిడ కూర్చునేది. అందరినీ "బాబూ" అనేది, నన్ను మాత్రం ఎందుకో "అల్లుడూ" అనేది. సదస్సుకి వారం ముందు చూస్తే ఆవిడ కూర్చునే చోట పూలకుండీ ఉంది.

ఇది కొత్తేం కాదు. 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడూ ఇలాగే రోడ్ల మీదనుంచి బిచ్చగాళ్ళని తరలించారని మా సీనియర్లు చెప్పేవారు. 2020 ఫిబ్రవరిలో ట్రంప్ వస్తున్నాడని అహ్మదాబాదులో మురికివాడ కనపడకుండా ఏకంగా గోడ కట్టారు. మన భాషలో చెప్పాలంటే, క్లయింటుకి డెమో ఉందని పనిచెయ్యని బటన్‌ని స్క్రీన్ మీంచి తీసేసినట్టు. డెమో బ్రహ్మాండంగా జరుగుతుంది, చప్పట్లు కూడా కొడతారు. బగ్ మాత్రం అక్కడే ఉంటుంది, దాన్ని రోజూ వాడేవాడికి తగులుతూనే ఉంటుంది.

రెండోది మా బాబాయి రొయ్యల చెరువు. కోనసీమలో సముద్రం వైపు ఆయన కొన్నేళ్ళుగా చెరువు లీజుకి తీసుకుని వనామి వేస్తున్నాడు. మన దగ్గర పండే రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకి, చైనాకి, యూరప్‌కి. అక్కడ దిగాక వాళ్ళు శాంపుల్ తీసి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో చూస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి కనపడితే కంటైనర్ మొత్తం వెనక్కే. 2016లో యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల మీద నమ్మకం తగ్గి, అప్పటిదాకా 10 శాతం సరుకుకి చేసే తనిఖీని 50 శాతానికి పెంచింది. అప్పట్లో మా బాబాయి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగోదు. "మన రొయ్య వాళ్ళకి లోకువైపోయిందిరా!" అనేవాడు.

అసలు సంగతేంటంటే, ఆ మందులు మన దేశంలో కూడా రొయ్యల చెరువుల్లో వాడకూడదు. నిషేధం మనదే. కాకపోతే కాగితం మీద ఉంది, షాపులో సీసా కూడా ఉంది. బయటివాడు ల్యాబులో పట్టుకుని సరుకు తిప్పి పంపడం మొదలెట్టాకే ఎక్స్‌పోర్ట్ కంపెనీలు పట్టుకి ముందు శాంపుల్ అడగడం, రైతులు ప్రోబయాటిక్స్ వైపు మళ్ళడం మా వైపు గట్టిగా మొదలయ్యాయి. ఒకప్పుడు మా పిన్ని సొంత చెరువు రొయ్యలు ఇంట్లో వండేది కాదు. "ఆ మందుల రొయ్యలు పిల్లలకెందుకురా, బజార్లో సముద్రపు రొయ్యలు తెస్తా" అనేది. ఇప్పుడు మా చెరువువే వండుతోంది. ఎవడో యూరప్‌వాడు ఏమనుకుంటాడో అన్న భయం వల్ల మా ఇంటి పిల్లలు తినే కూర బాగుపడింది!

చూశారా తేడా? రెండు చోట్లా ఉన్నది విదేశీవాడి కన్నే. ఒకచోట ఆ కన్ను కప్పడానికి పూలకుండీ పెట్టాం. ఇంకోచోట ఆ కన్ను చూపించినదాన్ని సరిచేసుకున్నాం. పూలకుండీకి అవార్డులు కూడా వస్తాయండోయ్. సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలన్నీ దొంగవని రామలింగరాజు ఉత్తరం రాశాడు. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్యం ర్యాంకుల్లో మనం 142 నుంచి 63కి వచ్చామని ఎంత సంబరపడ్డామో గుర్తుందా? కొన్ని దేశాల లెక్కల్లో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబరులో ఆ నివేదికనే మూసేశారు. మార్కులు వేసేవాడికీ ఒక ఆడిటర్ కావాలన్నమాట.

"మంచి పేరుంటే లాభమేగా?" అంటారు మా టీం లీడ్. ఉంటే మంచిదే, కాదనను. కానీ అది ఎంతవరకు పనికొస్తుందో కూడా చూశాం. 2019లో హ్యూస్టన్‌లో, 2020లో అహ్మదాబాదులో మన ప్రధానీ అమెరికా అధ్యక్షుడూ ఒకే వేదిక మీద నిలబడితే స్టేడియాలు దద్దరిల్లాయి. అదే ట్రంప్ 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచాడు. వారాల్లోనే మా బాబాయికి కౌంటు రేటు పడిపోయింది. ఆయన రొయ్యలో మందు లేదు, ల్యాబు రిపోర్టు శుభ్రంగా ఉంది. అయినా పడింది. తర్వాతి నెలలోనే కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజన్నారు, అది మనకెవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. మన మీద అభిప్రాయం చెడిపోయి పెట్టినవి కావివి, వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి కాబట్టి పెట్టారు. దేశాల మధ్య గౌరవం వేరు, అవసరం వేరు. గౌరవం కోసం ఎంత అలంకరించుకున్నా అవసరం తీరిన రోజు అది అక్కరకి రాదు.

అందుకే నా మటుకు నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నా. బయటివాడు ఏదన్నా అన్నప్పుడు, "వీడు అసలు చూడకపోయినా ఈ పని చెయ్యడం మనకి మంచిదేనా?" అని అడుక్కోవాలి. అవునంటే, వాడు ఏ ఉద్దేశంతో అన్నా సరే, చేసేద్దాం. కాదంటే ఆ డబ్బూ శ్రమా దండగ. రోడ్డు గుంత పూడ్చడం మొదటి రకం. అది ఇవాంకా కోసం పూడ్చినా మా బస్సుకి పనికొచ్చింది, అభ్యంతరం లేదు. ముసలావిణ్ణి రెండు నెలలు దాచడం రెండో రకం. ఆవిడకి పింఛనూ, పడుకోవడానికి చోటూ రెండు నెలల తర్వాత కూడా ఉంటేనే అది దేశానికి పేరు.

ఇంకో మాట. వాషింగ్టన్‌లో ఏమనుకుంటున్నారో తెలుసుకోడానికి మనకి రాయబార కార్యాలయాలున్నాయి, సర్వేలున్నాయి, టీవీ చర్చలున్నాయి. డివైడర్ మీద కూర్చున్నావిడ ఈ దేశం గురించి ఏమనుకుంటోందో అడగడానికి ఒక్క మైకు కూడా లేదు. రోజూ మన మధ్యే ఉంటూ, తిరుగు టిక్కెట్టు లేని మనిషి ఆవిడే. ముందు ఆవిడ ఏమనుకుంటోందో పట్టించుకుంటే, మిగతా దేశాలు ఏమనుకుంటాయో దానంతటదే చాలావరకు తేలిపోతుందని నా నమ్మకం.

మీరేమంటారు?