గాలి మిషను ఎవరి గదికి?

ఫాల్గుణం వచ్చిందంటే పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారి పొడవునా అడవి రంగు మారిపోతుంది. టేకాకు రాలి నేలంతా పరుచుకుంటుంది. మోదుగలు పూస్తాయి, ఇప్పపూలు రాలే రోజులు దగ్గరపడతాయి. ఆ ఎండుటాకులకు ఎక్కడో ఒకచోట నిప్పు అంటుకుంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినవాళ్లుంటారు, తునికి చిగురు బాగా రావాలని పొదలు కాల్చినవాళ్లుంటారు, ఆరని బీడీ పారేసి పోయిన బాటసారీ ఉంటాడు. ఉపగ్రహం ఆ మంటను పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశం వస్తుంది. వాళ్లు పచ్చికొమ్మలు విరుచుకుని మంట ఆర్పడానికి పరుగెత్తుతారు. ఈలోగా పొగ పొగే. పగలు గుట్టల మీద తేలుతూ ఉంటుంది, రాత్రి చల్లబడగానే ఊళ్ల మీదికి దిగుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, బాబుకు రాత్రిళ్లు మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ గాలి మిషను కొనమంటావా?"

"కొను. ముందు వాడు ఏ గదిలో పడుకుంటాడో చెప్పు" అన్నాను.

ఎయిర్ ప్యూరిఫయర్ గురించి ఎవరడిగినా నేను మొదట అడిగేది ఇదే. అది ఇంటిని శుభ్రం చేసే యంత్రం కాదు. తలుపులు మూసిన ఒక్క గదిలో గాలిని తిప్పి తిప్పి వడకట్టే యంత్రం. హాల్లో టీవీ పక్కన నిలబెడితే వచ్చినవాళ్లు చూస్తారు తప్ప లోపల గదిలో దగ్గే పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. రాత్రి ఎనిమిది గంటలు ఎవరి ఊపిరి కోసమో తేల్చుకుని వాళ్ల మంచం దగ్గర పెట్టాలి.

పైగా ఈ మిషన్లకు రాసే ప్రకటనలన్నీ ఢిల్లీ కార్తీకమాసాన్ని తలుచుకుని రాసినవే. చలికి కిటికీలు మూసుకునే ఇళ్లు, పొగమంచు కమ్మిన ఊళ్లు. మన సంగతి వేరు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడిన నాటి నుంచి ఈ నేల కథ బొగ్గుతో ముడిపడే ఉంది. మణుగూరు, సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనులు, బొగ్గు మోసే టిప్పర్లు, 1966లో మొదలైన పాల్వంచ థర్మల్ కేంద్రం, దాని బూడిద చెరువులు, మణుగూరు వైపు 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేసినప్పుడు జనం మిద్దెలెక్కి చూశారు. పాతవి పోయినా కొత్త యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. ఖమ్మం వైపు వెళితే గ్రానైటు కోత, మిరపకాయల సీజన్లో మార్కెట్ యార్డు ఘాటు. అంటే మనకు రెండు రకాల బాధలు: ఏడాది పొడవునా ముతక దుమ్ము, వేసవిలో సన్నని పొగ. వీటి మందు ఒకటి కాదు.

ముతక దుమ్ము ముక్కులో, గొంతులో చాలావరకు ఆగిపోతుంది. పొగలోని 2.5 మైక్రాన్ల లోపు కణాలు మాత్రం ఊపిరితిత్తుల అడుగుదాకా వెళతాయి. మన దేశం వీటికి పెట్టుకున్న హద్దు రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఈ కణాలను పట్టేది హెపా ఫిల్టరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అణు పరిశోధనల్లో గాలిలో తేలే రేణువులను ఆపడానికి తయారైన రకం ఇది. అసలైన హెపా అయితే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. ఆ సైజునే ఎందుకు లెక్కలోకి తీసుకుంటారంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. అంతకంటే పెద్దవి పోగులకు గుద్దుకుని ఆగుతాయి, అంతకంటే చిన్నవి అటూ ఇటూ కదిలాడుతూ తామే వెళ్లి అంటుకుంటాయి. పెట్టె మీద 'హెపా టైప్', 'హెపా లాంటిది' అని ఉంటే కొనవద్దు. వాసనలు హెపాకు లొంగవు. సారపాక చుట్టుపక్కల కాగితపు గుజ్జు వాసన ఇబ్బంది పెట్టే ఇళ్లవాళ్లు యాక్టివేటెడ్ కార్బన్ పొర ఎంత మందంగా ఉందో చూసుకోవాలి. పలచటి నల్లగుడ్డలాంటి పొర ఎక్కువ రోజులు పనిచేయదు. ఓజోన్ వదిలే మిషన్ల జోలికి అసలు పోకూడదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఓజోనే చేటు.

సైజు లెక్క తేలిక. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది, పది అడుగుల ఎత్తు, మొత్తం 1200 ఘనపు అడుగులు, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు ఆ గాలంతా ఫిల్టరులోంచి పోవాలంటే గంటకు 170 ఘనపు మీటర్లు కావాలి. పెట్టె మీద సీఏడీఆర్ అని రాసేది ఈ సంఖ్యే. కాకపోతే అది మిషను పెద్ద హోరుతో తిరిగేటప్పటి లెక్క. రాత్రి ఆ హోరులో పిల్లలు నిద్రపోరని మనం వేగం తగ్గిస్తాం, దానితో శుభ్రమయ్యే గాలీ తగ్గుతుంది. అందుకే 250 దాటినదే తీసుకోమని చెల్లెలికి చెప్పాను.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. వాళ్ల గదిలో కూలర్ ఉంది. కిటికీకి బిగించిన కూలర్ బయటి గాలిని లాగి లోపలికి తోస్తుంది, లోపలి గాలి పోవడానికి తలుపు తీసి ఉంచాలి. అది తిరుగుతున్నంతసేపూ పక్కన ఎంత ఖరీదైన ప్యూరిఫయర్ పెట్టినా దండగే. మన వైపు పొగ దట్టంగా ఉండే నెలలూ కూలర్ లేనిదే నిద్రపట్టని నెలలూ ఒకటే కావడం మన దురదృష్టం. ఏసీ ఉంటే గదిలో గాలే తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. లేనివాళ్లు పొగ దిగిన రాత్రుల్లో కూలర్ ఆపి, సీలింగ్ ఫ్యానుతో సర్దుకోవాలి. పెంకుటింట్లో అయితే నేను కొనమని చెప్పను. వాసాల సందుల్లోంచి వచ్చే గాలితో ఏ మిషనూ పోటీపడలేదు. అక్కడ ఆ డబ్బు గ్యాసు బండకు, దోమతెరలకు, డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌కు పెట్టడమే మేలు.

దోమతెర మాట ఎందుకొచ్చిందంటే, ఒక దోమల కాయిల్ కాలితే వచ్చే సన్నకణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని కణాలతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మలేరియా భయం ఉన్న ఏజెన్సీలో దోమలను ఊరికే వదిలేయలేం. కానీ మూసిన గదిలో ఒక మూల కాయిల్, ఇంకో మూల ప్యూరిఫయర్ పెడితే ఫిల్టరు ఆయుష్షంతా మన పొగకే చెల్లిపోతుంది. సాంబ్రాణి ధూపం కూడా వరండాలో వేసుకోవచ్చు.

కొన్నాక చేసే చాకిరీ గురించి అంగట్లో ఎవరూ చెప్పరు. హెపాకు ముందు జాలీలా ఉండే ప్రీఫిల్టరు ముతక దుమ్మును ఆపుతుంది. కంపెనీ పుస్తకంలో నెలకోసారి శుభ్రం చేయమని ఉంటే, టిప్పర్లు తిరిగే రోడ్డు పక్క ఇళ్లవాళ్లు వారానికోసారి చేయాలి. మిషను ప్లగ్గు తీసి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట దులపాలి. కడగవచ్చని పుస్తకంలో ఉంటేనే కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టాలి. తడి జాలీ బిగిస్తే వెనకున్న హెపాకు బూజు పడుతుంది. హెపాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కడగకూడదు. నీళ్లు తగిలితే పోగుల అల్లిక చెదిరి, చూడటానికి తెల్లగా ఉన్నా పొగను వదిలేస్తుంది. మిషను మీద ఎర్రలైటు చాలా రకాల్లో తిరిగిన గంటలనే లెక్కిస్తుంది, పట్టిన మసిని కాదు. ఫిల్టరు నల్లబడి గాలి విసురు తగ్గితే లైటు కోసం ఆగక్కర్లేదు. మన వాడకంలో ఏడాదికోసారైనా మార్చాల్సిందే అనుకోవాలి. అందుకే కొనకముందే ఆ మోడల్ ఫిల్టరు ధరెంతో, ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో దొరుకుతుందో లేదో అడిగి తెలుసుకోమన్నాను.

వానలు పట్టాక గాలి తేటపడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో మిషను ఆపి, ఫిల్టరు పొడిగా ఉండగానే కవర్లో కట్టి దాచుకోవచ్చు. మళ్లీ ధనుర్మాసం మంచులో, ముక్కోటికి భద్రాద్రికి జనం పోయే రోజుల్లో, తెల్లవారుజామున పొగ నేలను అంటిపెట్టుకున్నప్పుడు తీయాలి. ఆ కాలంలో కిటికీలు పొద్దున్నే తెరవకుండా ఎండ ఎక్కాక తెరవడం మంచిది. తెరవడం మాత్రం తప్పదు, ప్యూరిఫయర్ కొత్త ఊపిరిని పుట్టించదు.

చెల్లెలి కొడుకుకు ఒక గది ఉంది, మూసుకోవడానికి తలుపు ఉంది. భద్రాచలం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో హాలు నిండా వరసగా పడుకునే కోయ పిల్లల మాటేమిటి? అంత హాలుకు మిషన్లు పెట్టడం కుదరదు. కానీ ప్రతి వసతిగృహంలో ఆయాసం ఉన్న పిల్లలు రాత్రి పడుకోవడానికి ఒక చిన్న గదిని సిద్ధం చేయడం కుదురుతుంది. కిటికీలు బిగువుగా మూసుకోవాలి, ఒక ప్యూరిఫయర్, ఇన్‌హేలర్లు ఉండాలి, వాటిని వాడటం తెలిసిన ఏఎన్ఎం రావాలి. ఫాల్గుణం రాకముందే ఇది జరగాలి. మంజూరు కాగితంలో మిషను ధర పక్కనే మూడేళ్ల ఫిల్టర్ల డబ్బు, ప్రీఫిల్టరు దులిపే మనిషి పేరు కూడా ఉండాలి. అవి లేకుండా ఇస్తే రెండో వేసవికి ఆ గదిలో మిగిలేది హోరు మాత్రమే.