శుభలేఖలో వంపులు

బాపుగారి అక్షరాలంటే నాకు పిచ్చి. చిన్నప్పుడు వారపత్రికలో కథ చదవకపోయినా సరే, దాని పేరు రాసిన తీరు కాసేపు చూసి గాని పేజీ తిప్పేదాన్ని కాదు. తలకట్టు పిట్ట తోకలా చివ్వున లేచేది. ఆ రోజుల్లో అలాంటి శీర్షిక చేత్తో రాసి, జింకు బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. కింద కథంతా మామూలు సీసపు అక్షరాలే! ఆ సంగతి అప్పుడే బుర్రకెక్కి ఉంటే బాగుండేది.

2014లో ఆయన వెళ్ళిపోయారు. కానీ ఆ చేతిరాత ఫాంటుగా మారి, వీధి చివర డీటీపీ షాపు దాకా వచ్చేసింది. ఇంకేం, మా పెద్దదాని పెళ్ళికి శుభలేఖ మొత్తం అందులోనే వేయించాను. మొత్తం అంటే మొత్తం. తాతల పేర్లూ, ముహూర్తమూ, కల్యాణమండపానికి దారీ అన్నీనూ. అంకెలు మాత్రం ఇంకా వయ్యారంగా ఉండాలని ఏదో ఇంగ్లీషు చేతిరాత ఫాంటులోంచి ఏరాను. "ఇంత చిన్న సైజులో చదవలేరేమోనండీ" అన్నాడు ప్రెస్సు అబ్బాయి. "నువ్వు వెయ్యవయ్యా" అన్నాను.

అచ్చయి వచ్చాక మావారు కళ్ళజోడు తుడుచుకుని, "ఇంతకీ పెళ్ళెప్పుడు?" అన్నారు. హాస్యానికనుకున్నాను.

పెళ్ళికి మా మేనత్త రాలేదు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. అలిగిందనుకుని నేనూ బిగుసుకు కూర్చున్నాను. ఆరునెలల తర్వాత ఊరెళితే, దేవుడి గూట్లో శుభలేఖ కనిపించింది.

"అక్షరాలు ముగ్గులా అల్లుకున్నాయే. పక్కింటి పిల్ల చూసి ఇరవై ఏడు అంది. చీర కూడా మడతపెట్టుకున్నాను. ఇరవై రెండున మీ అన్నయ్య ఫోను చేసి, పెళ్ళి బాగా జరిగిందత్తా అన్నాడు" అంది, నా కంచంలో నెయ్యి వేస్తూ.

పెళ్ళి ఇరవై ఒకటిన. అసలు ఇంటికెళ్ళి బొట్టుపెట్టి పిలవాల్సిన మనిషికి నేను కార్డు పోస్టులో పంపాను. ఆ మాట ఆవిడ అనలేదు. అని ఉంటే అన్నం దిగేది.

మొన్న మా చిన్నదాని పెళ్ళికి మళ్ళీ ఆ ప్రెస్సుకే వెళ్ళాను. పిల్లల పేర్లు రెండూ బాపు అక్షరాల్లో, ఇంత లావున. మిగతాదంతా గుండ్రటి మామూలు అక్షరాల్లో. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడకుండా మధ్య ఎడం పెంచాడు ఆ అబ్బాయి. ఒక్కటే వెలితి. పేర్లలో "ర" రెండుసార్లు వస్తే రెండూ కవలల్లా ఒకేలా ఉన్నాయి. చేత్తో రాస్తే రెండోది కాస్త ఒళ్ళు విరుచుకునేది కదా!

ఈసారి నేనే బస్సెక్కి వెళ్ళి బొట్టుపెట్టాను. అత్త కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని తేదీ రెండుసార్లు పైకి చదివింది.

"పేర్లు ఎవరు రాశారే? చెయ్యి బాగుంది" అంది. తర్వాత లేచి చీరల పెట్టె తీసింది.