చింత చచ్చినా పులుపు చావదు

కోటి రూపాయల కారు దాదాపు సగం ధరకే వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. పైగా అది కరెంటు కారు, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదంటే ఇక చెప్పేదేముంది! మా మూసాపేటలో ఇప్పుడు అలాంటి కార్లు తరచూ కనిపిస్తున్నాయి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2022 జూన్‌లో కైత్లాపూర్ దగ్గర రైలు పట్టాల మీద వంతెన తెరిచారు. దాంతో హైటెక్‌ సిటీ మాకు మరీ దగ్గరైంది. ఐటీ ఉద్యోగాలు చేసే పిల్లలు ఇక్కడ అద్దెలకు దిగారు. వాళ్లతోపాటే ఆటో తిరగడానికే కష్టమైన మా సందుల్లోకి పెద్ద పెద్ద కార్లూ దిగాయి.

మా మేనల్లుడిదీ అలాంటి కారే. మా అపార్ట్‌మెంటులోనే మూడో అంతస్తులో ఉంటాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేరే. 2021లో ఎవరో కోటికి పైగా పోసి కొన్న విదేశీ కరెంటు కారుని, 2023 మార్చిలో వీడు 58 లక్షలకు కొన్నాడు. అందులో 30 లక్షలు బ్యాంకు అప్పు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఈ కథ ఏ ఒక్క కంపెనీదీ కాదు.

నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చూసి రిటైరైనవాణ్ని. మిషను ఏదైనా దానికో లాగ్‌బుక్కు ఉండాలన్నది నా చాదస్తం. అందుకే కారు వచ్చిన రోజునే రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, ప్రతి ఖర్చూ రాయడం మొదలుపెట్టాను. మావాడు నవ్వాడు. వాడి భార్య మాత్రం నవ్వలేదు. రెండేళ్లు నిండాక, 2025 మార్చిలో, ఆ అమ్మాయే వచ్చి అడిగింది. ‘‘మావయ్య గారూ, కూకట్‌పల్లిలో ఫ్లాటు చూశాం. ముందుగా కట్టాల్సిన డబ్బు సరిపోవడం లేదు. అసలు ఈ కారు వల్ల మాకు మిగులుతోందా, పోతోందా? ఒక్కసారి లెక్క తేల్చండి’’ అని.

తేల్చాను. ఆ లెక్కే ఇది.

మిగిలింది ఎంత?

ముందు మంచి మాట చెప్పుకుందాం. మావాడు నెలకు సుమారు 1,200 కిలోమీటర్లు తిరుగుతాడు. అంత పెద్ద పెట్రోలు కారు మన ట్రాఫిక్కులో లీటరుకు ఎనిమిదిన్నర ఇస్తే గొప్ప. లీటరు సుమారు 108 రూపాయల లెక్కన నెలకు 15 వేలు దాటుతుంది. ఈ కారు అదే దూరానికి 300 యూనిట్ల కరెంటు తాగింది. ఇంటి మీటరులో పై శ్లాబు కింద యూనిట్టు పది రూపాయలు వేసుకున్నా 3 వేలు. అంటే నెలకు 12 వేలు మిగులు. రెండేళ్లకు 2 లక్షల 88 వేలు. ఇంజిను ఆయిలు లేదు, క్లచ్చు లేదు, సైలెన్సరు లేదు. మామూలు సర్వీసింగు ఖర్చు నిజంగానే తక్కువ.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతమే.

చిన్న బ్యాటరీ, పెద్ద తంటా

2024 ఆగస్టులో ఒకనాటి పొద్దున కారు తలుపే తెరుచుకోలేదు. హ్యాండిళ్లు లోపలికే ఉండిపోయాయి. తెర వెలగలేదు. మావాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు, పెద్ద బ్యాటరీ పోయిందని. పోయింది అది కాదు, మన పాత కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ!

కరెంటు కారులో రెండు బ్యాటరీలుంటాయని చాలామందికి తెలియదు. సీట్ల కింద పరచినట్టుండే పెద్దది చాలా కార్లలో సుమారు 400 వోల్టులది. చక్రాలు తిప్పేది అదే. కానీ దాన్ని కారుకు కలిపే స్విచ్చులు పనిచేయాలన్నా, తలుపులు తెరుచుకోవాలన్నా, కంప్యూటరు లేవాలన్నా చిన్న బ్యాటరీయే దిక్కు. గాదె నిండా ధాన్యమున్నా తాళంచెవి పోతే పస్తే కదా, అలాగన్నమాట. ఈ తంటా సెకండ్‌హ్యాండ్‌ కార్లకే పరిమితం కాదు. చిన్న బ్యాటరీని ఛార్జి చేసే పరికరంలో లోపం ఉండొచ్చని 2024 జూన్‌లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయానిక్-5 కార్లను వెనక్కి పిలిచింది. అదే కారణంతో జులైలో కియా 1,138 ఈవీ-6 కార్లను పిలిచింది. కాబట్టి పాత కారు కొనేవాళ్లు ఛాసిస్ నంబరు చెప్పి, ఇలాంటి పిలుపులేమైనా వచ్చాయా, ఆ పని చేయించారా అని సర్వీసు సెంటర్లో అడగడం మంచిది. పని చేయించకపోయి ఉంటే, మనం అడిగితే కంపెనీయే ఉచితంగా చేస్తుంది.

మా కారుకు కొత్త చిన్న బ్యాటరీ 31 వేలు. నా స్కూటరు బ్యాటరీ పదిహేను వందలని గుర్తొచ్చి, ఆ అంకె రాసేటప్పుడు చెయ్యి కాస్త వణికింది.

బరువు ఎవరు మోస్తారు?

పెద్ద కరెంటు కార్లలో చాలావాటి బరువు రెండు టన్నుల పైమాటే, కొన్ని రెండున్నరకు దగ్గర. అంత బరువునీ టైర్లూ సస్పెన్షనూ మోయాలి. పైగా ఆక్సిలరేటరు మీద కాలు పెట్టగానే మోటారు తన బలమంతా ఒక్కసారే చూపిస్తుంది. టైర్లు అరగక ఏం చేస్తాయి? మావాడి కారు నాలుగు టైర్లకీ 1 లక్షా 44 వేలయింది. ముందు చక్రాల దగ్గర సస్పెన్షను ఆర్ములూ, బుష్షులూ మార్చడానికి 92 వేలు. మన స్పీడు బ్రేకర్ల పుణ్యం కొంత, బరువు పుణ్యం కొంత. గాలి బెల్లోల మీద నడిచే సస్పెన్షనున్న కారయితే ఒక్కో మూలకీ లక్షల్లోనే ఉంటుందని మెకానిక్కు చెప్పాడు.

బ్రేకులది మరో తమాషా. కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి కారుని ఆపుతుంది గనక బ్రేకు ప్యాడ్లు అరగవు. కానీ వాడక వాడక డిస్కులకు తుప్పు పడుతుంది. కొనేముందు చక్రం సందులోంచి టార్చి వేసి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఎనిమిదేళ్ల వారంటీ దేనికి?

‘ఎనిమిదేళ్ల వారంటీ ఉంది మావయ్యా’ అని మావాడు కొన్నప్పుడు ధీమాగా చెప్పాడు. నిజమే. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందయితే అది, అని ఇస్తాయి. కానీ అది పెద్ద బ్యాటరీకి! మిగతా కారుకు వారంటీ మూడేళ్లతో సరి. అది ముగిసిన మూడు నెలలకు, 2024 సెప్టెంబరులో, ఇంట్లో ప్లగ్గు పెడితే కారు ఛార్జి కావడం మానేసింది.

మన ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు. బ్యాటరీకి ఎక్కేది డీసీ. దీన్ని దానిగా మార్చే పెట్టె కారులోనే ఉంటుంది. ఆన్‌బోర్డు ఛార్జరంటారు. పోయింది అదే. బయట ఫాస్టు ఛార్జర్లు నేరుగా డీసీయే ఇస్తాయి కాబట్టి అక్కడ మాత్రం ఛార్జి అయ్యేది. విడిభాగం విదేశం నుంచి రావడానికి అయిదు వారాలు పట్టింది. అన్నాళ్లూ మావాడు ఆఫీసు నుంచి వస్తూ, రాత్రి పదింటికి ఫాస్టు ఛార్జరు దగ్గర వరసలో నిలబడి, ఇంటి రేటుకు రెట్టింపు కట్టాడు. ఇంటికొచ్చేసరికి కూతురు నిద్రపోయి ఉండేది.

సర్వీసు సెంటరు వేసిన అంచనా 4 లక్షల 80 వేలు. అప్పుడు ఆదుకున్నవి కాగితాలు. పాత యజమాని ప్రతి సర్వీసూ అధీకృత సెంటర్లోనే చేయించాడు. బిల్లులన్నీ మా నోటుబుక్కులో అంటించి ఉన్నాయి. అవి చూపించి, వారంటీ మొన్నమొన్ననే ముగిసిందని ఉత్తరం రాస్తే, కంపెనీ సుహృద్భావంతో సగం భరించింది. మిగిలింది లేబరుతో కలిపి 2 లక్షల 46 వేలు. ఆ కాగితాలు లేకపోతే మొత్తం మావాడి నెత్తినే.

అసలు బ్యాటరీ సంగతి

అందరూ భయపడేది దీనికే. 2021 డిసెంబరులో ఫిన్లండ్‌లో ఒకాయన తన 2013 నాటి సెకండ్‌హ్యాండ్‌ టెస్లాకు బ్యాటరీ మార్చాలంటే 20 వేల యూరోలకు తక్కువ కాదనేసరికి, దాన్ని 30 కిలోల డైనమైటు పెట్టి పేల్చేశాడు. అప్పటి మన లెక్కలో అది 17 లక్షలు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది.

అయితే భయపడినంతగా బ్యాటరీలు పోవడం లేదన్నదీ నిజమే. జియోట్యాబ్‌ అనే కెనడా సంస్థ 2024లో వేల కార్ల సమాచారం చూసి, సామర్థ్యం సగటున ఏడాదికి 1.8 శాతం తగ్గుతోందని తేల్చింది. మన ఎండలు వేరు కాబట్టి జాగ్రత్తా వేరుగానే ఉండాలి. మావాడు రోజూ 80 శాతం దాకానే ఎక్కిస్తాడు. మే నెలలో కారు సెల్లారులోనే ఉంటుంది. పరీక్ష చేయిస్తే 92 శాతం సామర్థ్యం మిగిలి ఉందని వచ్చింది. బ్యాటరీని చల్లబరిచేది ఏసీ కంప్రెసరేనని గుర్తుంచుకోవాలి. అంచేత పాత కారులో ఏసీ బలహీనంగా ఉంటే మనకు చెమట పట్టడంతో పోదు, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది.

మరి పోతే? 2024లో ప్రపంచవ్యాప్తంగా బ్యాటరీ ప్యాకుల సగటు ధర యూనిట్టుకు 115 డాలర్లని బ్లూమ్‌బెర్గ్ సంస్థ లెక్క. 90 యూనిట్ల బ్యాటరీకి సుమారు 9 లక్షలన్నమాట. కానీ అది కార్లు తయారుచేసేవాళ్లు టోకున కొనే ధర. ఖరీదైన కారుకు విడిభాగంగా తెప్పిస్తే దానికి ఎన్నో రెట్లు. అందుకే కింది భాగానికి గట్టి దెబ్బ తగిలి బ్యాటరీ చెడితే, రిపేరు ఖర్చు కారు విలువను మించిపోయి, బీమా కంపెనీ కారునే తీసేసినట్టు లెక్కకట్టే ప్రమాదం ఉంది. కొనేముందు కారుని లిఫ్టు ఎక్కించి అడుగు భాగం చూడమనేది ఇందుకే.

బిల్లు రాని ఖర్చు

రెండేళ్ల రిపేర్లు కూడితే 5 లక్షల 13 వేలు. కరెంటు మిగిల్చింది 2 లక్షల 88 వేలు. తేడా రెండుంపావు లక్షలు. బీమా వేరే. ‘‘టైర్లూ సస్పెన్షనూ పెట్రోలు కారుకైనా తప్పవు కదా’’ అన్నాడు మావాడు. నిజమే, వాటిని తీసేస్తే మిగులే కనిపిస్తుంది. అందుకే నా దృష్టిలో దోషం కరెంటుది కాదు. కారు ధర సగమైనా, దాని బోల్టు ధర సగం కాదు. కొన్నది 58 లక్షల కారని మనం అనుకుంటాం. విడిభాగాల పట్టిక మాత్రం దాన్ని ఇంకా కోటి రూపాయల కారుగానే చూస్తుంది. చింత చచ్చినా పులుపు చావదు!

కానీ అన్నిటికంటే పెద్ద అంకె ఏ బిల్లులోనూ లేదు. 2024 నవంబరులో మహీంద్రా కొత్త కరెంటు కార్లు ప్రకటించింది. 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎక్స్‌ఈవీ 9ఈ షోరూము ధర 2025 మొదట్లో 30 లక్షల 50 వేలు. మొదటి యజమానికి బ్యాటరీ మీద జీవితకాల వారంటీ, అమ్మితే తరవాతివాళ్లకు పదేళ్లు. అవి వచ్చాక పాత విదేశీ కార్లను అడిగేవాళ్లు తగ్గారు. మావాడు దుకాణాల చుట్టూ తిరిగితే 40 లక్షలకు మించి ఎవరూ పలకలేదు. 58 నుంచి 40 తీసేస్తే 18 లక్షలు.

ఆ అమ్మాయి నోటుబుక్కు తిప్పి, మనసులోనే భాగించి, ‘‘అంటే నెలకి డెబ్భై అయిదు వేలు’’ అంది. మావాడు ఏమీ అనలేదు. అది వాళ్లుండే ఇంటి అద్దెకు రెట్టింపు కంటే ఎక్కువ.

ఉగాది వెళ్లాక కారు అమ్మేశారు. దుకాణానికి కాదు, నేరుగా మరో కుర్రాడికి, 42 లక్షలకు. ఆ కుర్రాడు కారుని పావుగంట చూశాడు. నోటుబుక్కుని గంటన్నర చదివాడు. బ్యాటరీ పరీక్ష రిపోర్టు, సర్వీసు బిల్లులు, కొత్త ఛార్జరు వేసిన తేదీ... అన్నీ ఉన్నాయి. అందుకే రెండు లక్షలు ఎక్కువిచ్చాడు. బ్యాంకు అప్పు తీర్చగా ఇరవై రెండున్నర లక్షలు చేతికొచ్చాయి. ఫ్లాటుకు సరిపోయాయి.

అంటే ఇలాంటి కారు కొనకూడదనా? అలా అనను. పడిపోవాల్సిన ధర చాలావరకు పడిపోయింది గనక, ఆ కుర్రాడి లెక్క మావాడి లెక్క కంటే నయంగానే ఉండొచ్చు. కాకపోతే కొనే ధరనే మొత్తం ఖర్చనుకోకూడదు. వారంటీ కాగితంలో ఏయే భాగాలున్నాయో వేలుపెట్టి చదవాలి. పెద్ద బ్యాటరీకి ఇంకా ఎన్నేళ్లుందో చూడాలి. ఇంట్లో పెట్టే ప్లగ్గుతోనూ, ఫాస్టు ఛార్జరుతోనూ రెండు రకాలుగా ఛార్జి చేసి చూడాలి. కాగితాల్లేని కారు ఎంత చవకైనా వదిలేయాలి.

ఆ కుర్రాడికి తాళాలతోపాటు నోటుబుక్కూ ఇచ్చేశాను. కారు పేరుమీద బ్యాంకులో నెలకు పది వేల ఆర్డీ ఒకటి కట్టుకోమని చెప్పాను. పెట్రోలు మీద మిగిలే డబ్బే అది. ఖర్చు రాకపోతే రెండేళ్లకు రెండున్నర లక్షలు చేతికొస్తాయి. వస్తే, ఎవరినీ అడగక్కర్లేదు.