బుర్జ్ కాదు బేటా, బూట్లు

తార్నాక చౌరస్తాలో చాయ్ తాగే మా దోస్త్ ఒకడికి రెండు పిచ్చిలు. ఒకటి రాశిఫలాలు, రెండోది హాకీ. మొన్న ఆ రెండూ కలిపి కొత్త ఇల్మ్ ఒకటి తయారుచేశాడు.

"చూడు భాయ్, బనారస్ మహమ్మద్ షాహిద్ పుట్టింది 1960 ఏప్రిల్ 14. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1970 ఏప్రిల్ 16. ఇద్దరిదీ మేషమే, ఇద్దరూ ఫార్వర్డ్‌లే. పొట్టేలు లెక్క డిఫెన్స్ మీదికే ఉరుకుతరు. ఒకాయన మాస్కోల గోల్డ్ తెచ్చిండు, ఇంకొకాయన మూడు ఒలింపిక్స్ ఆడిండు. రాశి అబద్ధం చెప్తదా?"

"మరి ధ్యాన్‌చంద్?" అన్నాను. 1905 ఆగస్టు 29 అంటే ఇంగ్లీషు లెక్కన కన్య. మన పంచాంగం ప్రకారం సూర్యుడు ఆ రోజు ఇంకా సింహంలోనే ఉంటాడు. జాతకం చెప్పేవాళ్లేమో చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడని అడుగుతారు. మరి ఆ గోల్స్ అన్నీ ఏ రాశి ఖాతాలో వెయ్యాలి? వెన్నెల్లో ప్రాక్టీస్ చేసేవాడు కాబట్టే ధ్యాన్ సింగ్ కాస్తా ధ్యాన్‌చంద్ అయ్యాడంటారు. చంద్రుడు ఆయన జాతకంలో ఎక్కడున్నా, మైదాన్లో మాత్రం లైటుగా పనికొచ్చాడు.

"అది ఇడిచిపెట్టు. మీ అబ్బా ఆడేటోడు కదా, ఆయనదేంది?"

అబ్బా వయసులో ఉన్నప్పుడు యూనివర్సిటీ క్యాంపస్ మైదాన్లో ఫుల్‌బ్యాక్ ఆడేవాడు. సర్టిఫికెట్లో పుట్టినరోజు జులై 1.

"కర్కాటకం! ఎండ్రకాయ బొక్క ఇడిసి బయటికి రాదు. అందుకే ఫుల్‌బ్యాక్!"

"ఆ తారీఖు బడిలో పంతులు వేసింది. దాదీమా లెక్క వేరే. పోలీస్ యాక్షన్ రోజుల్లో, 1948 సెప్టెంబర్‌లో పుట్టాడట."

వాడు రెప్ప కూడా వెయ్యలేదు. "అయితే కన్య! ఆచితూచి ఆడుతరు. అందుకే ఫుల్‌బ్యాక్!"

ఆ సాయంత్రం అబ్బాతో క్యాంపస్‌లో నడుస్తూ, ఆర్ట్స్ కాలేజీ ముందు ఈ ఖిస్సా చెప్పాను. పడీ పడీ నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు గానీ, నడక ఆపేశాడు.

"బుర్జ్ కాదు బేటా, బూట్లు. అప్పుడు మైదానంతా మొరం. బూట్లున్న పోరగాళ్లు ముందల ఉరికేటోళ్లు. నాకు లేవు, అందుకని ఎనక నిలబడ్డ. ఆడ ఉరుకుడు తక్కువ. మొదటి జీతంతోని బూట్లు కొన్నంక ముందల ఆడి చూసిన. కాళ్లకు ముందుకు పోవుడు రాలే."

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఇల్లు కట్టడానికి లోన్ తీసుకుందామంటే ఆయన వద్దన్న రోజు గుర్తొచ్చింది. "మీ ఫిత్రతే అంత, పిరికి ఫిత్రత్" అని అందరి ముందూ అనేశాను. ఆయన మారు మాట్లాడలేదు. దోస్త్ పేపర్ చూసి చెప్పాడు, నేను చూడకుండానే చెప్పాను. నేనూ ఓ నజూమీనే.

"మాఫ్ చెయ్యండి అబ్బా" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. తార్నాక రోడ్డు దాటేటప్పుడు మాత్రం, ఎప్పటిలాగే నాకు చెయ్యి అడ్డం పెట్టి, ముందు బస్సు పోనిచ్చాడు.

దోస్త్‌కి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే, బూట్లు కొనే యోగం ఏ రాశికి ఉందో చూస్తానంటాడు.