అమ్మాలా, ఉంచాలా

మా వీపనగండ్ల దిక్కు ఆస్తి అంటే భూమే. కాలువ కింద ఎకరం అమ్మడమంటే ఇంటి పరువు పోయినట్టే. ఆ పట్టుదలే కిరాయి బిల్డింగుల మీదా చూపిస్తారు మావాళ్లు. వనపర్తిలో మూడు నాలుగంతస్తులు లేపినవాళ్లు వచ్చి, "అన్నా, అమ్మెయ్యమంటవా, ఉంచుకొమ్మంటవా?" అని అడుగుతారు. కాగితాలు తర్వాత చూద్దామని ముందు మిద్దెక్కుతాను. స్లాబ్ మీద నీళ్లు నిలిచిన మరక, ట్యాంకు కింద పగులు, పిల్లర్ మూలన సిమెంటు ఊడి బయటపడ్డ తుప్పు చువ్వ: ఇవి కనిపిస్తే రెండుమూడేళ్లలో పెద్ద ఖర్చు తప్పదు. ధర పెరిగేది జాగాకే. కట్టడం ఏటేటా అరుగుతుంది.

ఇక లెక్క. కట్టినప్పటి ఖర్చు మీద కిరాయి లెక్కేసుకుని సంబరపడతారు. ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో దాని మీద వెయ్యాలి. కోటిన్నర పలికే బిల్డింగు నెలకు 40 వేలు తెస్తే ఏడాదికి 4 లక్షల 80 వేలు, అంటే 3.2 శాతం. ఇంటిపన్ను, మోటరు రిపేరు, సున్నాలు, ఖాళీగా పడున్న పోర్షన్ తీసేస్తే రెండున్నర మిగిలితే గొప్ప. బ్యాంకు డిపాజిటే ఇంతకన్నా ఎక్కువిస్తుంది. ఉంచుకోవడమంటే జాగా ధర పెరుగుతుందని నమ్మడమే.

ఆ నమ్మకానికి వనపర్తిలో ఆధారముంది. 2016లో జిల్లా అయింది, 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఉద్యోగులు, నర్సులు ఇండ్లు వెతుక్కునే వీధిలో, చువ్వ తుప్పు పట్టని బిల్డింగును నేనైతే అమ్మనివ్వను. అమ్మడానికీ ఖర్చుంది: రెండేళ్లు దాటిన ఆస్తిని 2024 జులై 23 తర్వాత అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. అంతకుముందే కొన్నదైతే ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కేసుకుని, 20 శాతం కట్టే వీలూ ఉంది. ఏది తక్కువో చూసుకోవాలి. మళ్లీ ఇంకోటి కొంటే రిజిస్ట్రేషన్‌కే దాదాపు 7.5 శాతం పోతుంది.

నేను ఖరాఖండిగా అమ్మమనేది ఒక్క సందర్భంలోనే. ముగ్గురు కొడుకులు మూడు ఊర్లలో ఉండి, కిరాయి వసూలు చేసేది తండ్రి ఒక్కడే అయినప్పుడు. ఆయన తర్వాత ఒకడు అమ్ముదామంటాడు, ఒకడు వద్దంటాడు, సంపు రిపేరుకు పైసలిచ్చే దిక్కుండదు. కిరాయిదారులు ఒక్కొక్కరే ఖాళీ చేస్తారు, కొనేవాడు సగం ధరకు అడుగుతాడు. "పెద్దనాయనా, నీ సంతకం నడిచేటప్పుడే అమ్మి పంచెయ్యి" అంటాను.